పానిక్ అటాక్, యాంగ్జయిటీ: చికిత్స ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా ముగించాలి

పానిక్ అటాక్‌లకు పనిచేసే చికిత్సలు ఉన్నాయి. మానసిక సమస్యల్లో వైద్యానికి బాగా లొంగేవాటిలో ఇదొకటి. అయినా ఏళ్ళ తరబడి బాధపడేవాళ్ళు చాలామంది కనిపిస్తారు. డాక్టర్లను మారుస్తూ పోతారు, ఈసీజీల కట్ట పెరుగుతుంది, జేబులో మాత్ర లేనిదే గడప దాటరు. వాళ్ళకు చికిత్స అందలేదని కాదు. అందినది అటాక్ మీద పనిచేసింది, భయం మీద పనిచేయలేదు.

ఈ రెండూ వేరు. అటాక్ దానంతటదే పోతుంది. కొన్ని నిమిషాల్లో తారస్థాయికి చేరి, చాలామందిలో అరగంటలోపే దిగిపోతుంది. ‘మళ్ళీ వస్తే?’ అన్న ఆలోచన మాత్రం దిగదు. దానివల్లే లిఫ్ట్ ఎక్కడం మానేస్తారు, ఒంటరిగా ప్రయాణించరు, మీటింగ్‌కి వెళ్తే తలుపు పక్క కుర్చీ వెతుక్కుంటారు. అందుకే కింద చెప్పే ప్రతి పద్ధతినీ నేను ఒకే ప్రశ్నతో చూస్తాను: ఇది ఆ భయాన్ని తగ్గిస్తుందా, లేక భయం వేసినప్పుడు దాక్కోవడానికి చోటు చూపిస్తుందా? దాక్కునే చోటూ ఒక్కోసారి అవసరమే. అదే చికిత్స అనుకుంటే మాత్రం సమస్య ముదురుతుంది.

1. మీకున్నది ఏదో తేల్చుకోండి

ఒకటి రెండు పానిక్ అటాక్‌లు వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. నిద్ర లేని రోజుల్లో, పెద్ద దెబ్బ తగిలిన సమయంలో ఎవరికైనా రావచ్చు. గుండె దడ, చెమటలు, వణుకు, ఊపిరాడనట్టు ఉండడం, ఛాతీలో నొప్పి, కడుపులో తిప్పడం, కళ్ళు తిరగడం, చేతివేళ్ళలో తిమ్మిర్లు, చుట్టూ ఉన్నదంతా నిజం కాదన్నట్టు అనిపించడం, పిచ్చెక్కుతుందేమో, చచ్చిపోతానేమో అన్న భయం... ఇలాంటి లక్షణాల్లో కనీసం నాలుగు ఒక్కసారిగా ఎగసిపడితే దాన్ని పానిక్ అటాక్ అంటారు. కారణం లేకుండా ఇవి పదేపదే వస్తూ, ఆ తర్వాత కనీసం నెల రోజులు ‘మళ్ళీ వస్తుందేమో’ అన్న బెంగ పట్టుకున్నా, దానికి భయపడి మీ అలవాట్లు మార్చుకున్నా అది పానిక్ డిజార్డర్. నిద్రలోంచి ఉలిక్కిపడి లేచే అటాక్‌లు కూడా ఉంటాయి. అవి పీడకలల వల్ల వచ్చేవి కావు. అందుకే ఇంకా భయపెడతాయి.

జనరలైజ్డ్ యాంగ్జయిటీ నడక వేరు. అక్కడ ఒక్కసారిగా ఎగసేది ఉండదు. ఉద్యోగం, పిల్లలు, ఆరోగ్యం, డబ్బు ఇలా ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి బెంగ పాకుతూనే ఉంటుంది. ఆరు నెలలకు పైగా, ఎక్కువ రోజులు ఇలాగే ఉండి, దాంతోపాటు నీరసం, చిరాకు, ఏకాగ్రత లేకపోవడం, మెడ భుజాలు పట్టేయడం, నిద్ర పట్టకపోవడం లాంటివి ఉంటే అది జనరలైజ్డ్ యాంగ్జయిటీ డిజార్డర్ కావచ్చు. రెండూ ఒకే మనిషిలో ఉండడం అరుదేమీ కాదు. తేడా ఎందుకు తెలియాలంటే, థెరపీలో చేసే పనులు రెండింటికీ వేరు. మందుల్లోనూ కొన్ని ఒకదానికి పనిచేసి ఇంకోదానికి పనిచేయవు.

బెంగ ఎంత ఉందో అంచనా వేయడానికి జీఏడీ-7 అనే చిన్న ప్రశ్నావళి ఉంది. గడిచిన రెండు వారాల గురించి ఏడు ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 21. 5 నుంచి స్వల్పం, 10 నుంచి మధ్యస్థం, 15 నుంచి తీవ్రం అని లెక్క. 10 గాని అంతకంటే ఎక్కువ గాని వస్తే డాక్టర్‌ను కలవడం మంచిది. ఇది రోగ నిర్ధారణ చేయదు. కానీ నెలకోసారి రాసిపెట్టుకుంటే, చికిత్స పనిచేస్తోందా లేదా అన్నది మీ మూడ్‌ని బట్టి కాకుండా అంకెల్లో కనిపిస్తుంది.

2. శరీర పరీక్షలు చేయించుకోండి, ఒక్కసారే

థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా, గుండె లయ తప్పినా, రక్తహీనత ఉన్నా, షుగర్ పడిపోయినా, ఆస్తమా ఉన్నా పానిక్ లాంటి లక్షణాలే వస్తాయి. జలుబుకి వాడే కొన్ని మాత్రలు, ఆస్తమా ఇన్‌హేలర్లు, స్టెరాయిడ్లు, మోతాదు మించిన థైరాయిడ్ మాత్ర కూడా గుండె దడ పుట్టిస్తాయి. మద్యం బాగా అలవాటైనవాళ్ళు మానేసినప్పుడు వచ్చే వణుకూ కంగారూ ఇలాగే ఉంటాయి. కాబట్టి మొదటిసారి ఫిజీషియన్‌ను కలిసి ఈసీజీ, థైరాయిడ్, రక్తపరీక్ష, షుగర్ చూపించుకోండి. మీరు వాడే ప్రతి మందూ చెప్పండి. తాగుడు సంగతి దాచొద్దు.

అన్నీ మామూలుగా వస్తే అక్కడితో ఆపాలి. ప్రతి అటాక్ తర్వాతా ఇంకో ఈసీజీ, ఇంకో స్కానింగ్ తీయించుకుంటే రెండు రోజులు ధైర్యంగా ఉంటుంది. మూడో రోజు ‘ఆ పరీక్షలో దొరకనిది ఏదైనా ఉందేమో’ అని మొదలవుతుంది. మొదట అడిగిన ప్రశ్న ఇక్కడే పనికొస్తుంది: పదో ఈసీజీ చికిత్స కాదు, దాక్కునే చోటు.

కానీ కొన్ని లక్షణాలను పానిక్ అని కొట్టిపారేయకూడదు. శ్రమ పడినప్పుడు ఛాతీలో బరువు, దవడకో ఎడమచేతికో పాకే నొప్పి, నిజంగానే స్పృహ తప్పి పడిపోవడం, ముఖంలోనో శరీరంలో ఒక పక్కనో బలం తగ్గడం, మాట తడబడడం, పెదాలు నీలంగా మారడం, ఇంతకుముందెప్పుడూ లేకుండా నడివయసులో మొదటిసారి వచ్చిన ఛాతీనొప్పి. వీటిలో ఏది కనిపించినా ఆలోచించకుండా అత్యవసర విభాగానికి వెళ్ళండి. చివరికి పానిక్ అని తేలినా నష్టం లేదు.

3. అటాక్ వస్తున్నప్పుడు ఏం చేయాలి

ముందు లోపల ఏం జరుగుతోందో తెలియాలి. మెదడు ప్రమాదం ఉందని పొరబడి అడ్రినలిన్‌ను వదులుతుంది. ఎండుటాకు కదిలినా దొంగే వచ్చాడన్నట్టు మొరిగే కాపలా కుక్క లాంటిదది. గొంతు బాగానే ఉంది, కారణమే లేదు. పారిపోవడానికో పోట్లాడడానికో శరీరం సిద్ధమవుతుంది: కండరాలకు రక్తం పంపడానికి గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి వేగం పెరుగుతుంది, ఒళ్ళు చల్లబడడానికి చెమట పడుతుంది. అవసరానికి మించి ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. దానివల్ల మెదడులోని రక్తనాళాలు కాస్త ముడుచుకుని తల తేలిపోతున్నట్టు ఉంటుంది, వేళ్ళూ పెదాలూ తిమ్మిరెక్కుతాయి. గాలి అందడం లేదనిపిస్తుంది. నిజానికి గాలి ఎక్కువైంది.

చాలామంది అడిగేది, ‘పడిపోతానా?’ అని. స్పృహ తప్పాలంటే సాధారణంగా బీపీ పడిపోవాలి. పానిక్‌లో అది పెరుగుతుంది. అందుకే కళ్ళు తిరుగుతాయి గాని పడిపోవడం అరుదు. రక్తాన్నో సూదినో చూసి తూలిపోయేవాళ్ళ సంగతి వేరు. వాళ్ళలో బీపీ నిజంగానే పడుతుంది.

ఇప్పుడు చేయాల్సింది తక్కువే. ఉన్నచోటే ఉండండి. బండి నడుపుతుంటే మాత్రం పక్కకు ఆపండి. ‘ఇది పానిక్. బాధగా ఉంది, ప్రమాదం లేదు. వచ్చింది, పోతుంది’ అని మనసులో అనుకోండి. ఊపిరిని ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేదాకా నెమ్మదిగా తీసి, ఆరు లెక్కపెట్టేదాకా వదలండి. గట్టిగా, లోతుగా పీల్చొద్దు. అది ఇంకాస్త గాలిని ఎక్కిస్తుంది. భుజాలు దించండి. తర్వాత చేస్తున్న పనికి తిరిగి వెళ్ళండి, వణుకుతూనే అయినా సరే.

కాగితపు సంచిలోకి ఊపిరి వదిలి పీల్చే పద్ధతి సినిమాల్లో కనిపిస్తుంది. వద్దు. అది పానిక్ కాక గుండె సమస్యో ఆస్తమానో అయితే ప్రాణం మీదికి వస్తుంది.

శ్వాస వ్యాయామం గురించి ఒక మాట. దాన్ని రోజూ పది నిమిషాలు మామూలు సమయంలో సాధన చేయడం మంచిదే. కానీ ‘ఈ లెక్క తప్పితే చచ్చిపోతాను’ అన్నట్టు దాన్ని పట్టుకుని వేలాడితే అదీ జేబులో మాత్ర లాంటిదే అవుతుంది. అటాక్‌ను అణచడానికి కాదు, అది దాటిపోయేదాకా నిలబడడానికి వాడుకోండి.

4. రెండు వారాలు రాసుకోండి

థెరపిస్ట్ దగ్గరికి వెళ్ళేముందు ఇది చేస్తే సగం పని అయినట్టే. ప్రతి అటాక్‌కీ నాలుగు సంగతులు రాయండి: ఎక్కడ ఉన్నారు, మొదట ఒంట్లో ఏం తెలిసింది, ఆ క్షణంలో ఏం జరుగుతుందనుకున్నారు, ఏం చేశారు. ఆఖరిదాన్ని ఎవరూ సరిగ్గా రాయరు. నీళ్ళ సీసా పట్టుకోవడం, నాడి చూసుకోవడం, ఇంటికి ఫోన్ చేయడం, గోడకు ఆనుకోవడం, గూగుల్‌లో వెతకడం, ఇవన్నీ రాయాలి. చికిత్సలో ముందు విడిచిపెట్టాల్సినవి ఇవే.

5. సీబీటీ: అసలు చికిత్స

కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీని అందరూ సీబీటీ అంటారు. పానిక్‌కి మొదటి వరుస చికిత్సగా దీన్నే చెబుతారు. వారానికోసారి గంట చొప్పున, పది పన్నెండు సెషన్లు పట్టడం మామూలు. కూర్చుని మనసు విప్పుకునే కౌన్సెలింగ్ ఇది కాదు. అదీ మేలు చేస్తుంది గాని, పానిక్ విషయంలో సరిపోదు. సీబీటీలో హోంవర్క్ ఉంటుంది, ప్రయోగాలు ఉంటాయి, చెమటలు పడతాయి.

దీని వెనక ఉన్న ఆలోచనను బ్రిటన్ సైకాలజిస్ట్ డేవిడ్ క్లార్క్ 1986లో స్పష్టంగా చెప్పాడు. ఒంట్లో చిన్న మార్పు వస్తుంది, మెట్లెక్కి గుండె వేగం పెరిగిందనుకోండి. ‘గుండెపోటు!’ అని మనసు అర్థం చెప్పుకుంటుంది. భయం వేస్తుంది. భయానికి గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. ‘చూశావా, నిజమే’ అనిపిస్తుంది. ఈ గుండ్రం తిరిగే కొద్దీ అటాక్. దాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి. సీబీటీ రెండు చోట్ల తెంచుతుంది, ఆలోచన దగ్గర, ఆచరణ దగ్గర.

ఆలోచన దగ్గర చేసేది సాక్ష్యాలు అడగడం. ‘ఇప్పటికి ఎన్ని అటాక్‌లు వచ్చాయి? వాటిలో ఎన్నిసార్లు గుండె ఆగింది?’ పాజిటివ్‌గా ఆలోచించమని ఎవరూ చెప్పరు, చెప్పినా పనిచేయదు. మీ జోస్యానికీ, జరిగినదానికీ మధ్య తేడాను మీ చేతే రాయిస్తారు.

ఆచరణ దగ్గర చేసేవి రెండు. మొదటిది ఒంట్లోని లక్షణాలకు అలవాటుపడడం. దీన్ని అమెరికాలో డేవిడ్ బార్లో బృందం చికిత్సగా తీర్చిదిద్దింది. అటాక్‌లో మిమ్మల్ని భయపెట్టే లక్షణాన్ని మీరే కావాలని పుట్టిస్తారు. ఒక నిమిషం వేగంగా ఊపిరి తీసి వదిలితే తల తేలుతుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. ఉన్నచోటే ఒక నిమిషం పరుగెత్తితే దడ వస్తుంది. తిరిగే కుర్చీలో నిమిషం తిరిగితే కళ్ళు తిరుగుతాయి. సన్నటి స్ట్రాతో ఊపిరి తీస్తే గాలి చాలనట్టు ఉంటుంది. తలను అటూ ఇటూ అరనిమిషం ఊపినా కళ్ళు తిరుగుతాయి. ప్రతిదాని తర్వాతా రెండు అంకెలు రాయండి: లక్షణం ఎంత వచ్చింది, భయం ఎంత వేసింది, పదికి ఎన్ని. ఏది మీ అటాక్‌కి దగ్గరగా ఉందో దాన్నే ఎంచుకుని, రోజూ వరసగా కొన్నిసార్లు చేయాలి. లక్షణం అంతే వస్తుంది, భయం మాత్రం తగ్గుతూ పోతుంది. గుండె దడ అంటే గుండె దడే, ఇంకేం కాదని మెదడుకు తెలిసేది ఇలాగే. ఎన్ని పుస్తకాలు చదివినా ఈ పని జరగదు.

గుండెజబ్బు, ఆస్తమా, మూర్ఛ ఉన్నవాళ్ళు, గర్భవతులు ఈ వ్యాయామాలు డాక్టర్‌ను అడగకుండా చేయకూడదు. మిగతావాళ్ళు కూడా మొదటిసారి థెరపిస్ట్ దగ్గరే చేస్తే మేలు.

రెండోది తప్పించుకుంటున్న చోట్లకు తిరిగి వెళ్ళడం. ఒక నిచ్చెన రాసుకోండి. కింద మెట్టు మీద తక్కువ భయపెట్టేది, పైన అన్నిటికంటే భయపెట్టేది. లిఫ్ట్ అంటే భయమైతే: లిఫ్ట్ ముందు నిలబడడం, ఎవరితోనైనా ఒక్క అంతస్తు వెళ్ళడం, ఒంటరిగా ఒక్క అంతస్తు, రద్దీగా ఉన్నప్పుడు పై అంతస్తు దాకా. ప్రతి మెట్టుకు ముందు మీ జోస్యం రాయండి: ‘ఊపిరాడక పడిపోతాను, 80 శాతం నమ్మకం.’ దిగాక ఏం జరిగిందో రాయండి. మూడు నియమాలు పాటించాలి. భయం ఎక్కువున్న క్షణంలో బయటికి పారిపోకూడదు, ఎందుకంటే అప్పుడు ‘పారిపోయాను కాబట్టే బతికాను’ అని మెదడు నేర్చుకుంటుంది. ఒకే మెట్టును వేరువేరు రోజుల్లో, వేరువేరు చోట్ల మళ్ళీ మళ్ళీ చేయాలి. నీళ్ళ సీసా, మాత్ర, తోడు వచ్చే మనిషి, ఇలాంటి ఊతాలు ఒక్కొక్కటిగా వదలాలి.

మూడో నియమం దగ్గరే అందరూ ఆగిపోతారు. ‘మాత్ర వేసుకోను కదా, జేబులో ఉంటే ఏం?’ అంటారు. జేబులో మాత్ర ఉండగా మీరు లిఫ్ట్‌లో వంద సార్లు తిరిగినా, ధైర్యం మీదని అనుకోరు, మాత్రదని అనుకుంటారు.

థెరపిస్ట్‌ను ఎంచుకునేటప్పుడు మొహమాటపడకుండా అడగండి: ‘పానిక్‌కి మీరు సీబీటీ చేస్తారా? లక్షణాలను కావాలని పుట్టించే వ్యాయామాలు ఉంటాయా? హోంవర్క్ ఇస్తారా?’ లేదంటే ఇంకొకరిని వెతకండి. మందులు రాసేది సైకియాట్రిస్ట్, థెరపీ సాధారణంగా క్లినికల్ సైకాలజిస్ట్ చేస్తారు. దగ్గరలో ఎవరూ లేకపోతే ఆన్‌లైన్‌లో చేసే సీబీటీ కూడా పనిచేస్తుంది. ముఖ్యంగా మధ్యమధ్య ఒక మనిషి పలకరించి హోంవర్క్ చూసే పద్ధతి ఉంటే.

6. మందులు: ఏవి, ఎంతకాలం, ఏ జాగ్రత్తతో

మందులంటే మత్తు మాత్రలని చాలామంది భయం. మొదటి వరుస మందులకు మత్తుండదు, వాటికి వ్యసనపడడమూ ఉండదు. ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు అనే, మెదడులోని సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేసే వర్గం ఇది: సెర్ట్రలీన్, ఎస్సిటలోప్రామ్, పారోక్సెటీన్, ఫ్లూఓక్సెటీన్. వీటికి దగ్గరి వర్గంలో వెన్లాఫాక్సిన్ ఉంది. పేరుకు డిప్రెషన్ మందులు, కానీ పానిక్‌కీ యాంగ్జయిటీకీ బాగా పనిచేస్తాయి.

చాలామంది మొదటి రెండు వారాల్లోనే వీటిని వదిలేస్తారు. కారణం ఉంది. మొదలుపెట్టగానే కడుపులో తిప్పడం, తలనొప్పి, నిద్ర చెడడం, ఒక్కోసారి కంగారు ఇంకా పెరగడం ఉంటుంది. పానిక్ ఉన్నవాళ్ళు ఒంట్లో ప్రతి మార్పునూ పసిగడతారు కాబట్టి వాళ్ళకు ఇది మరీ ఎక్కువ. అందుకే మంచి డాక్టర్ మామూలు మోతాదులో సగంతో మొదలుపెడతారు, సెర్ట్రలీన్ అయితే 25 మిల్లీగ్రాములు, ఎస్సిటలోప్రామ్ అయితే 5, తర్వాత నెమ్మదిగా పెంచుతారు. మేలు కనిపించడానికి రెండు నుంచి ఆరు వారాలు, పూర్తిగా తెలియడానికి మూడు నెలల దాకా పడుతుంది. ఈ సంగతి ముందే తెలిసినవాళ్ళు నిలబడతారు, తెలియనివాళ్ళు ‘నాకు పడలేదు’ అని మానేస్తారు.

తర్వాత కూడా ఉండిపోయే దుష్ఫలితాల్లో ముఖ్యమైనది లైంగిక కోరిక, తృప్తి తగ్గడం. సిగ్గుపడి చెప్పక, చెప్పకుండానే మందు ఆపేసేవాళ్ళు చాలామంది. చెప్పండి, మోతాదో మందో మార్చవచ్చు. 25 ఏళ్ళలోపు వయసువాళ్ళలో మొదటి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశం ఉందని హెచ్చరిక ఉంది, ఆ సమయంలో ఇంట్లోవాళ్ళు కనిపెట్టుకుని ఉండాలి. ఇంతకుముందు ఎప్పుడైనా విపరీతమైన హుషారు, రోజుల తరబడి నిద్ర అక్కర్లేకపోవడం లాంటివి వచ్చి ఉంటే డాక్టర్‌కి ముందే చెప్పాలి, బైపోలార్ ఉన్నవాళ్ళలో ఈ మందులు ఉన్మాదాన్ని రేపవచ్చు. సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలికా మందును వీటితో కలిపి వాడకూడదు. గర్భం దాల్చినా, దాల్చాలనుకుంటున్నా సొంతంగా ఆపకుండా డాక్టర్‌తో మాట్లాడండి.

ఇక ఆల్ప్రజోలామ్, క్లోనజెపామ్, లోరజెపామ్. మత్తు కలిగించే ఈ మాత్రలను బెంజోడయజెపైన్లు అంటారు. నిమిషాల్లో పనిచేస్తాయి, అదే వాటి ఆకర్షణ, అదే వాటి ప్రమాదం. వారాల తరబడి రోజూ వాడితే శరీరం అలవాటుపడుతుంది, ఆపితే అటాక్‌ల కంటే ఘోరంగా ఉంటుంది, ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ కూడా రావచ్చు. మద్యంతోనో, మార్ఫిన్ జాతి నొప్పి మందులతోనో కలిస్తే ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో వీటి మీద వ్యసనం, దుర్వినియోగం గురించి హెచ్చరికను మరింత గట్టిగా పెట్టింది. బ్రిటన్ మార్గదర్శకాలు పానిక్ డిజార్డర్‌కి వీటిని వద్దనే అంటాయి. కొందరు డాక్టర్లు ఎస్‌ఎస్‌ఆర్‌ఐ పనిచేయడం మొదలయ్యేదాకా కొన్ని వారాలు ఇస్తారు. దానికి నేను అభ్యంతరం చెప్పను. కానీ ఎప్పుడు ఆపాలో తేదీ రాయించుకోకుండా ఈ చీటీ తీసుకోవద్దు. ఇప్పటికే ఏళ్ళుగా వాడుతున్నవాళ్ళు ఇది చదివి రేపే మానేయొద్దు. నెలల మీద, కొంచెం కొంచెంగా, డాక్టర్ చూస్తుండగా తగ్గించాలి.

ప్రొప్రనలోల్ గురించి అపోహ ఎక్కువ. స్టేజీ మీద మాట్లాడేముందు వచ్చే వణుకునూ దడనూ తగ్గిస్తుంది, పానిక్ డిజార్డర్‌ను నయం చేస్తుందనడానికి ఆధారం బలంగా లేదు. ఆస్తమా ఉంటే అసలు వాడకూడదు. బస్పిరోన్ నిరంతర బెంగకు పనిచేస్తుంది, పానిక్‌కి కాదు. ప్రెగాబాలిన్‌ను యూరప్‌లో జనరలైజ్డ్ యాంగ్జయిటీకి అనుమతించారు. దానికీ అలవాటుపడే గుణం ఉంది. ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు పడనివాళ్ళకు ఇమిప్రమీన్ లాంటి పాత మందులు ఇంకా పనికొస్తాయి.

7. థెరపీనా, మందా, రెండూనా?

1960ల మొదట్లో అమెరికన్ సైకియాట్రిస్ట్ డొనాల్డ్ క్లైన్ ఇమిప్రమీన్ ఇచ్చిన రోగుల్లో ఒక వింత గమనించాడు. హఠాత్తుగా వచ్చే అటాక్‌లు ఆగిపోయాయి. కానీ ‘మళ్ళీ వస్తుందేమో’ అన్న బెంగ, బయటికి వెళ్ళలేకపోవడం అలాగే ఉండిపోయాయి. అటాక్ వేరు, దాని గురించిన భయం వేరు అని మందే తేల్చి చూపించింది.

2000లో బార్లో, మరికొందరు 312 మంది మీద చేసిన అధ్యయనం ఫలితాలు వచ్చాయి. చికిత్స నడుస్తున్నంతకాలం సీబీటీ, ఇమిప్రమీన్ రెండూ మందు లేని ఉత్తుత్తి మాత్ర (ప్లాసిబో) కంటే మెరుగ్గా పనిచేశాయి, కలిపి ఇస్తే కొంత ఎక్కువ లాభం కనిపించింది. అన్నీ ఆపేశాక మాత్రం లెక్క మారింది. సీబీటీ ఒక్కటే తీసుకున్నవాళ్ళు నిలబడ్డారు. మందుతో కలిపి తీసుకున్నవాళ్ళలో ఎక్కువమంది వెనక్కి జారారు.

దీన్నిబట్టి నా సలహా ఇది. ఇల్లు దాటగలిగి, హోంవర్క్ చేయగలిగే స్థితిలో ఉంటే సీబీటీతో మొదలుపెట్టండి. డిప్రెషన్ కూడా ఉంటే, రోజుకు అనేకసార్లు అటాక్‌లు వస్తుంటే, థెరపిస్ట్ దొరకకపోతే, లేదా సీబీటీ చేసినా మూడు నెలల్లో కదలిక లేకపోతే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ తీసుకోవడంలో తప్పేమీ లేదు, అది బలహీనతా కాదు. రెండూ తీసుకుంటుంటే, మందు తగ్గించే నెలల్లో థెరపీని ఆపొద్దు. మందు లేకుండా కూడా నిచ్చెన ఎక్కగలనని మళ్ళీ ఒకసారి నేర్చుకోవాల్సింది అప్పుడే. బతకాలని లేదన్న ఆలోచనలు వస్తుంటే ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి వెంటనే డాక్టర్‌నో అత్యవసర సేవనో సంప్రదించండి.

8. అటాక్‌లు లేని, ఆగని బెంగకు

ఇక్కడ లిఫ్ట్ నిచ్చెన పనిచేయదు, ఎందుకంటే తప్పించుకుంటున్నది చోటును కాదు, అనిశ్చితిని. రోజూ ఒకే వేళకు, ఇరవై నిమిషాలు ‘బెంగ టైం’ పెట్టుకోండి. పడుకునే ముందు వద్దు. మిగతా రోజంతా బెంగ వచ్చినప్పుడల్లా ఒక్క మాటలో రాసి ఆ వేళకు వాయిదా వేయండి. ఆ టైంలో ఒక్కోదాన్నీ రెండుగా విడదీయండి: నేను చేయగలిగింది ఉందా, లేదా? ఉంటే మొదటి పని, తేదీ రాయండి. లేకపోతే ఏమవుతుందో కచ్చితంగా తెలియకుండానే ఉండడం సాధన చేయాలి. పంపిన మెసేజ్‌ను మళ్ళీ చదవకుండా ఉండడం, ‘అంతా బాగానే ఉంటుంది కదా’ అని పదేపదే అడగకుండా ఉండడం, చిన్న నిర్ణయం ఎవరినీ అడక్కుండా తీసుకోవడం లాంటివి.

ఒళ్ళు పట్టేసినట్టుండేవాళ్ళకు కండరాలను ఒక్కొక్కటిగా బిగించి వదిలే రిలాక్సేషన్ బాగా పనికొస్తుంది. 20వ శతాబ్దం మొదటి భాగంలో ఎడ్మండ్ జాకబ్సన్ తెచ్చిన పద్ధతి ఇది. పాదాలతో మొదలుపెట్టి ముఖం దాకా, ఒక్కో భాగాన్నీ ఐదారు సెకన్లు బిగించి, అంతకు రెట్టింపు సేపు వదలాలి.

9. కాఫీ, కదలిక, నిద్ర

పానిక్ ఉన్నవాళ్ళలో కెఫీన్ ఎక్కువ మోతాదులో అటాక్‌లు తెప్పించగలదని ప్రయోగాల్లో తేలింది. కాఫీ, టీ, ఎనర్జీ డ్రింక్స్ తగ్గించండి, కాని రెండు వారాల మీద నెమ్మదిగా. ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి, చిరాకు వస్తాయి, వాటినీ జబ్బే అనుకుంటారు. మద్యం ఆ రాత్రికి బెంగను దించి, తెల్లారి రెట్టింపు చేస్తుంది.

ఊపిరి ఎగసేలా నడవడం, పరుగెత్తడం నిజంగా పనిచేస్తాయి. 1998లో జర్మనీలో వచ్చిన ఒక అధ్యయనంలో పానిక్ ఉన్నవాళ్ళకు పది వారాల పరుగు ఉత్తుత్తి మాత్ర కంటే మేలు చేసింది, క్లోమిప్రమీన్ అనే మందు అంతకంటే బాగా, త్వరగా చేసింది. వ్యాయామంలో ఇంకో లాభం ఉంది: దడ, చెమట, ఆయాసం రోజూ వస్తాయి, ఏమీ కాదు. ఐదో భాగంలో చెప్పిన సాధన ఇక్కడ ఉచితంగా జరిగిపోతుంది.

10. ఇంట్లోవాళ్ళు ఏం చేయాలి

‘ఏం కాదులే’ అని వందసార్లు చెప్పొద్దు, ‘ఇదంతా నాటకం’ అని అసలే అనొద్దు. అటాక్‌లో పక్కన కూర్చుని ‘ఇది పానిక్, దిగిపోతుంది, నేనిక్కడే ఉన్నాను’ అంటే చాలు. ఎక్కడికి వెళ్ళినా తోడు వెళ్ళడం, వాళ్ళ పనులన్నీ మీరే చేసిపెట్టడం ప్రేమతో చేసేదే, కాని వాళ్ళ నిచ్చెనను మీరే లాగేసినట్టవుతుంది. ఎంతవరకు తోడు రావాలో థెరపిస్ట్ దగ్గర ముగ్గురూ కూర్చుని ముందే మాట్లాడుకోండి.

11. ఎప్పుడు, ఎలా ఆపాలి

బాగున్నానని అనిపించిన నెలలోనే మందు ఆపేస్తే తిరగబెట్టే అవకాశం ఎక్కువ. లక్షణాలు తగ్గాక కనీసం ఆరు నెలలు, చాలామందికి ఏడాది కొనసాగించమంటారు. ఆపడానికి ప్రశాంతంగా ఉన్న కాలం ఎంచుకోండి, ఉద్యోగం మారే నెలో పరీక్షల సమయమో కాదు. వారాల మీద, అవసరమైతే నెలల మీద తగ్గించాలి. పారోక్సెటీన్, వెన్లాఫాక్సిన్ ఆపేటప్పుడు తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు ఉండడం ఎక్కువ. ఇవి మోతాదు తగ్గించిన కొద్దిరోజుల్లోనే మొదలై క్రమంగా పోతాయి. జబ్బు తిరగబెడితే ఇంకాస్త ఆలస్యంగా, పాత బెంగతో వస్తుంది. ఈ తేడా తెలిస్తే, కరెంటు కొట్టినట్టు ఉందని కంగారుపడి పూర్తి మోతాదుకి వెళ్ళిపోరు. డాక్టర్‌ను అడిగి ఒక మెట్టు వెనక్కి వెళ్ళి, ఇంకా నెమ్మదిగా దిగవచ్చు.

నెలల తర్వాత ఎప్పుడో ఒక అటాక్ వస్తుంది, చాలామందికి వస్తుంది. అది వచ్చిందన్నది పెద్ద విషయం కాదు. ఆ తర్వాతి వారం మీరేం చేశారన్నదే చూసుకోవాలి. పాత నోట్‌బుక్ తీసి, ఆ రోజు ఏం రాయాలో రాయండి. అది వచ్చిన చోటికి రెండు రోజుల్లోపు మళ్ళీ వెళ్ళండి. నీళ్ళ సీసా మళ్ళీ చేతిలోకి వచ్చిందా, తలుపు పక్క కుర్చీ మళ్ళీ వెతుక్కుంటున్నారా గమనించండి. రెండు వారాలు ప్రయత్నించినా అవి పోకపోతే థెరపిస్ట్‌కి ఫోన్ చేసి ఒకటి రెండు సెషన్లు అడగండి. మొదటిసారి పట్టినంత కాలం ఈసారి సాధారణంగా పట్టదు.